మీ సందు దాటిన నడక

బావా,

ఈసారి అక్క నాతో సింహాచలం గిరి ప్రదక్షిణకు వచ్చింది. ఇంటి తాళం నా జేబులో వేసి, కొండ మొదటి మెట్టు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, పొద్దున్నే బయలుదేరింది. అప్పుఘర్‌లో సముద్రస్నానం దాకా బాగానే నడిచింది. తర్వాత ఎండకు రోడ్డు కాలిపోతుంటే అరికాళ్ళు బొబ్బలెక్కాయి.

కంచరపాలెంలో మీ సందు మొదట్లో ఆగిపోయింది.

"తాళం ఇలాగియ్యిరా. ఐదు నిమిషాలు నడుం వాల్చేత్తాను."

నిరుడు నువ్వూ అక్కడే నిలబడి అదే మాట అన్నావు. నేనే తలుపు తీశాను. నువ్వు మళ్ళీ లేవలేదు.

తాళం గుప్పిట్లో బిగించి, "నానివ్వనక్కా" అన్నాను.

"నా ఇంటి మీద నీ పెత్తనమేటిరా?" అని జనం ముందే తిట్టింది. నేను కదల్లేదు. చివరికి తనే ముందుకు నడిచింది. నాకు నాలుగడుగులు ముందే ఉంటూ మాధవధార, గోపాలపట్నం దాటింది. వెనకాలే నడుస్తూ ఆమె ఊపిరి వింటూనే ఉన్నాను.

పొద్దు వాలుతుండగా మళ్ళీ తొలిపావంచా చేరి దణ్ణం పెట్టి, "మీ బావ సగంలో ఆపింది కూడా అయిపోయిందిరా" అంది.

ఇంటి దగ్గర తాళం ఇచ్చాను. నిరుడు నడకకని నువ్వు గుమ్మం బయట విప్పిన చెప్పులను అక్క ఏడాదిగా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. అక్క వాటి దుమ్ము దులిపి, లోపల పెట్టింది.