గోనెపట్టా మీద కుక్కపిల్ల

ట్రాఫిక్ రైల్వే కాలనీ, ఖరగ్‌పూర్

అమ్మా మీనా, ఇక్కడ అందరం ఉన్నాం. బాగున్నామని మాత్రం రాయలేను. నువ్వు చెప్పకుండా పెళ్లి చేసుకున్నావని మీ నాన్న నా ఫోన్లో నీ నంబరు తీసేశాడు, అందుకే ఈ కార్డు.

నువ్వు వదిలెళ్లిన కుక్కపిల్ల చిన్నితో వేగలేక చస్తున్నాను. వానల్లో బయటికి తిప్పలేక, గుమ్మం దగ్గర గోనెపట్టా వేసి దానిమీద ఉచ్చ పోయడం నేర్పాను. ఇప్పుడు ఏ ఇంటి ముందు గోనెపట్టా కనిపించినా అక్కడే పోస్తోంది. మన క్వార్టర్లలో పట్టా లేని గుమ్మం ఏది? పక్కింటి రాధ తన పట్టా తెచ్చి, "ఇది మాకొద్దత్తా, మీ కుక్కకే ఉంచీయండి" అని మన వాకిట్లో పడేసింది.

మీ నాన్న "దీన్ని ఊరి చివర తాల్‌బగీచాలో ఒగ్గీసొచ్చీస్తాను" అని ఆదివారం బయల్దేరాడు. సైకిలు బుట్టలో పెట్టే ముందు గడ్డిలో నిలబెడితే, అది రోడ్డు వైపు చూస్తూ నిలబడింది తప్ప ఒక్క చుక్క పోయలేదు. విసిగి విసిగి చివరికి వంగి, "బేగి కానీయే, మీనమ్మ వచ్చీస్తాది" అన్నాడు. వెంటనే పోసింది. ఇక తాల్‌బగీచా మాటే ఎత్తకుండా ఇంట్లోకి తెచ్చేశాడు.

అల్లుడు కారం తింటాడా? ఆవకాయ ఎవరిచేత పంపను? నీ పాత దుప్పటి ఏ పెట్టెలో ఉంది?

ఇద్దరూ చల్లగా ఉండండి. మీ నాన్న రోజూ గడ్డిలో అదే మాట చెబుతున్నాడు. చిన్ని ఇంకా నమ్ముతోంది. నేను మానేశాను.

మీ అమ్మ,
చిలకమ్మ