తొమ్మిదో నంబరులో చేపలు

మార్చి 23, సోమవారం

పాసింజరు పది నిమిషాలు లేటు. పెనుకొండలో ఎక్కేసరికి నాగవేణి ఎప్పటిలాగే కిటికీ పక్కన కూర్చుని, నా సీటు మీద తన బ్యాగు పెట్టి ఉంచింది. ధర్మవరం నుంచి హిందూపురానికి రోజూ వచ్చిపోయే పిల్ల. ఆనర్స్ ఆఖరి ఏడు, ఎకనామిక్స్. ఈసారి నా చేతికి వచ్చిన పద్నాలుగు మంది ప్రాజెక్టు పిల్లల్లో నోరు తక్కువ, చూపు ఎక్కువ ఉన్నది ఈమెకే.

పండక్కి చేసిన సేమియా డబ్బా ఆమెకిచ్చి, ఆమె ప్రాజెక్టు నేను తీసుకున్నాను. సేమియా బాగుందట. ప్రాజెక్టు బాగాలేదు.

'భారతీయ సంస్కృతిలో చేనేతకు విశిష్ట స్థానము కలదు' — మొదటి వాక్యం. నలభై పేజీలూ కలదు, కలవు. ఎవరు రాశారమ్మా అంటే కిటికీలోంచి బయటకు చూస్తుంది. చాకర్లపల్లి దాటాక నోరు విప్పింది. "శీనప్ప జిరాక్సు షాపుది మేడం. అందరూ ఆడే తెస్తాండారు."

కోపం వచ్చింది. దాచుకోలేదు. తర్వాత అడిగాను — మీ అమ్మ ఏం పని చేస్తుంది?

"అచ్చు అతుకుతాది."

అంటే?

"మగ్గం మీద పడుగు అయిపోతాది గదా మేడం. చివర్లు అట్లే పెడతారు, తీసేయరు. కొత్త పడుగు తెచ్చి ఒగో పోగునూ పాత పోగుకు మెలిపెట్టి అతకాల. వేల పోగులు. అమ్మ పొద్దున కూచుంటే మాపటికి లేస్తాది…"

హిందూపురం వచ్చిందాకా ఆపలేదు. నాలుగేళ్ళలో ఆ పిల్ల ఇంత మాట్లాడటం నేను వినలేదు. దిగుతూ చెప్పాను: ఆ నలభై పేజీలు చింపెయ్. ఇప్పుడు నాకు చెప్పింది రాయి.

"పదో తేదీకి ఇయ్యాల మేడం. కాకపోతే ఏడాది పోతాది."

పద్దెనిమిది రోజులు. అవుతుందన్నాను. ఏ ధైర్యంతో అన్నానో!

మార్చి 24, మంగళవారం

రైల్లో పెన్సిలు పాఠం. ప్రతి వాక్యం పక్కనా ఒక అక్షరం పెట్టాలి. కళ్ళతో చూసిందైతే 'చూ'. ఎవరైనా చెప్పగా విన్నదైతే 'వి'. చదివిందైతే 'చ'. ఏ అక్షరమూ పెట్టలేని వాక్యాన్ని కొట్టెయ్యాలి. ఎంత బాగున్నా సరే.

నాగవేణి తన కొత్త పేజీకి పెట్టి చూపించింది. ముప్పై వాక్యాల్లో తొమ్మిది మిగిలాయి. ఆ తొమ్మిదీ బంగారం.

"మీ పీహెచ్‌డీలో కూడా ఇట్లే పెట్టుకున్నారా మేడం?"

ఊ అన్నాను. స్టేషను వచ్చింది.

మార్చి 26, గురువారం

ఈ రోజును రాసి పెట్టుకోవాలి. నవ్వి నవ్వి పొట్ట నొప్పి.

కాలేజీ ఫారంలో ఒక నిబంధన ఉంది — కనీసం ఇరవై ఐదు రెఫరెన్సులు. నాగవేణి పాత ప్రాజెక్టు చివర శీనప్ప ఇచ్చిన ఇరవై ఐదు ఉన్నాయి. ఒక్కొక్కటే చదువుతున్నాను. మగ్గాలు, పట్టు, సహకార సంఘాలు… తొమ్మిదో నంబరు — చెరువుల్లో చేపల పెంపకం.

చేపలేమిటి? మన ఊళ్ళలో చెరువు నిండేదే ఎప్పుడో ఒకసారి, అందులో చేపలు పెంచి వాటి మీద పుస్తకం చదివి పట్టుచీరల ప్రాజెక్టులో పెట్టడమా?

అనుమానం వచ్చి డిపార్టుమెంటు బీరువా తీయించాను. పోయినేటివి, అటు ముందటివి. వేరుశనగ మీద — తొమ్మిదో నంబరు చేపలు. స్వయం సహాయక సంఘాల మీద — చేపలు. హిందూపురం బస్సుల మీద కూడా చేపలే! ఏనాడో ఎవరో జువాలజీ పిల్లవాడు పెట్టిన పుస్తకం, షాపు కంప్యూటర్లో ఉండిపోయి, ఏటేటా అచ్చవుతూ వచ్చింది. పిల్లలు చదవలేదు. మేమూ చదవలేదు. అన్నిటి మీదా హెచ్‌ఓడీ సారు సంతకం ఉంది. మూడింటి మీద నాది కూడా.

ఆ చివరి సంగతి కనిపించాక నవ్వు ఆగింది.

మార్చి 29, ఆదివారం

ధర్మవరం. నాగవేణి ఇల్లు.

వాళ్ళమ్మ ఆదిలక్ష్మి పక్కింటివాళ్ళ మగ్గం దగ్గర కూర్చుని ఉంది. పక్కన కొబ్బరిచిప్పలో బూడిద. వేళ్ళకు కాస్త అద్దుకుని, పాత పోగు కొసా కొత్త పోగు కొసా పట్టి ఒక్క మెలి. ఒకసారి చిన్నగా లాగి చూడటం. పక్క పోగు. మాట్లాడుతూనే. నా వైపు చూస్తూనే.

నన్నూ చెయ్యమంది. నాలుగు పోగులు మెలిపెట్టాను. నాలుగూ ఊడిపోయాయి. చుట్టూ చేరిన ఆడవాళ్ళందరూ ఒకటే నవ్వు. ఎంఏలూ ఎంఫిల్లూ అక్కడేం పనికొస్తాయి?

"లాగి చూడాల మేడం. నిలిస్తేనే ముందుకు పోవాల. చూడకుండా పోతే నేసేటప్పుడు తెగుతాది. అప్పుడు నేసే ఆయప్ప మనల్ని తిడతాడు."

నాగవేణి నోటుపుస్తకం పట్టుకుని ఆమె మాట ఆమె మాటగానే రాసుకుంటోంది. పక్కన 'వి' పెట్టుకుంటోంది.

అచ్చు అతికేవాళ్ళు పదకొండు మంది దొరికారు మాట్లాడటానికి. పేరు రాసుకుంటానంటే మాత్రం వెనక్కు జరుగుతారు. "మగ్గం ఇంటాయప్ప పేరు రాసుకోమ్మా. సర్కారు ఇచ్చే నేత కార్డులు గూడా మగ్గం ఉండేవాళ్ళకే. మా పేర్లు యాడుంటాయి?"

ఆ మాట విన్నాక నాగవేణి ముఖం చూశాను. ఇక ఈ ప్రాజెక్టు గురించి నాకు దిగులు లేదు.

మార్చి 31, మంగళవారం

నాయన పరుపుల షాపు నుంచి అన్నానికి వచ్చాడు. నా టేబుల్ మీద పిల్లల కాగితాలు చూసి — "అందరివీ దిద్దుతాండావు. నీది ఏడేండ్లాయ. ఎప్పుడైతాది ఏమ్మా?"

మూడో చాప్టరు అయిపోవచ్చింది నాయనా, ఈ నెలాఖరుకు గైడుకు పంపాలి అన్నాను.

"ఈ నెలాఖరు ఈ పొద్దే గదా."

వచ్చే నెలాఖరు.

ఏప్రిల్ 2, గురువారం

నాగవేణి రెండో అధ్యాయం. రైలు కదిలినప్పుడు మొదలుపెట్టి హిందూపురంలో చివరి పేజీ తిప్పాను. పెన్సిలు నా చేతిలోనే ఉంది, ఒక్క గీత పెట్టలేదు. కడుపు నిండింది.

ఏప్రిల్ 4, శనివారం

పదకొండు మంది పదిహేడయ్యారు! ఆదిలక్ష్మి తానే వీధివీధీ తిరిగి పిలుచుకొచ్చిందట. "పేరు చెప్తే ఏం అరిగిపోతారే" అని తిట్టి మరీ.

ఏప్రిల్ 7, మంగళవారం

హెచ్‌ఓడీ సారు గది. యుద్ధం.

నాగవేణి నిజంగా చదివిన పుస్తకాలు ఎనిమిదే. ఆ ఎనిమిదింటి కింద, తొమ్మిది నుంచి ఇరవై ఐదు దాకా పదిహేడు మంది పేర్లు, వీధి, మాట్లాడిన తేదీ. ఎనిమిదీ పదిహేడూ ఇరవై ఐదు. ఫారం అడిగినంత.

సారు కళ్ళజోడు తీశారు. "ఏం మేడం ఇది? మనుషులు రెఫరెన్సులా? అచ్చు అతికే ఆడోళ్ళ పేర్లు పెడితే యూనివర్సిటీ ఒప్పుకుంటాదా? సంతకం పెట్టను. శానా సీదాగా శీనప్ప లిస్టు పెట్టమనండి, అందరూ పెట్టలా?"

నాగవేణి నా పక్కనే నిలబడి ఉంది. ఏడాది పోతుందన్న భయం. మా డిగ్రీ కాలేజీలో ఇలాంటప్పుడు పిల్లలు "సరే సార్" అంటారు. నేనూ ఆ వయసులో అన్నాను.

బీరువాలోంచి తెచ్చిన ఆరు పాత ప్రాజెక్టులు ఆయన బల్ల మీద పరిచాను. ఆరిట్లోనూ తొమ్మిదో నంబరు తెరిచి పెట్టాను.

సారు మొదటిది చదివారు. రెండోది. మూడోది. నాలుగోది చదవలేదు.

"చేపలు…" అన్నారు.

చేపలే సార్.

"బస్సుల దాంట్లో గూడానా?"

దాంట్లో కూడా.

మీ ఒక్కరి సంతకం కాదు సార్, నాది కూడా ఉంది అన్నాను. ఆ మాట అనకపోతే ఆయన లొంగేవారు కాదనుకుంటాను. పరువు అందరికీ ఒకటే.

సంతకం పెట్టారు! పెడుతూ నాగవేణితో — "రేపు వైవాలో బయటి సారు అడిగితే నువ్వే చెప్పుకోవాల పాపా. నన్ను చూడొద్దు."

"చెప్పుకుంటా సార్."

కారిడార్లోకి రాగానే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపింది. ఏనుగు ఎక్కినంత సంబరంగా ఉంది నాకు.

ఏప్రిల్ 10, శుక్రవారం

ఇచ్చేశాం. నల్ల అట్ట, బంగారు అక్షరాలు. బైండింగు మాత్రం శీనప్ప షాపులోనే — అంతకన్నా బాగా చేసేవాడు హిందూపురంలో లేడు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఏప్రిల్ 17, శుక్రవారం

వైవా. 

బయటి సారు పెద్దాయన, కోపిష్టి. నాగవేణి కన్నా ముందు వెళ్ళిన ఇద్దరినీ మూడేసి నిమిషాల్లో పంపేశాడు. ఈమె పుస్తకం తీసుకుని తిన్నగా చివరి పేజీలు తిప్పాడు.

"తొమ్మిది. ఆదిలక్ష్మి. ఎవరీమె? ఏ యూనివర్సిటీ?"

"మా అమ్మ సార్. అచ్చు అతుకుతాది."

హెచ్‌ఓడీ సారు కిటికీ వైపు తిరిగారు.

"మీ అమ్మ చెప్పింది నిజమని నేనెట్ల నమ్మాలమ్మా?"

అప్పుడు నాగవేణి ఏం చేసింది! బ్యాగులోంచి చిన్న పొట్లం తీసింది. పట్టుపోగులు రెండు, చిటికెడు బూడిద. ఇదంతా తెచ్చుకున్నట్టు నాకు కూడా చెప్పలేదు దొంగపిల్ల. ఆయన ముందే రెండు కొసలూ పట్టి ఒక్క మెలిపెట్టి, అతికిన పోగును ఆయన చేతికిచ్చింది.

"లాగి చూడండి సార్. మగ్గం లాగినంత లాగండి, అంతకన్నా వద్దు."

ఆయన లాగాడు. నిలిచింది. ఇంకోసారి లాగాడు. నిలిచింది.

"ఇట్ల ఒగో పోగునూ లాగి చూసినాకనే పక్క పోగుకు పోతారు సార్. నేను గూడా ఒగో మాటనూ అట్లే చూసి రాసినాను. పుస్తకాలు ఎనిమిదే చదివినా. మిగిలినవి విన్నవి. యాది విన్నానో, యాది చూసినానో అడగండి, చెప్తా."

అడిగాడు. నలభై నిమిషాలు అడిగాడు! అన్నిటికీ చెప్పింది. రెండు చోట్ల "అది తెలీదు సార్, నేను చూళ్ళేదు" అంది. ఆ రెండుసార్లూ ఆయన తల ఊపాడు. చివర పుస్తకం మూయకుండా — "మా లైబ్రరీకి ఒక కాపీ పంపించు" అన్నాడు.

టాప్ గ్రేడు. పద్నాలుగు మందిలో మొదటి పేరు.

హెచ్‌ఓడీ సారు బయటికొచ్చి టీ తెప్పించారు. "నేను అప్పుడే అనుకున్నా మేడం, ఈ పాప చేస్తాదని." ఊరుకున్నాను. గెలిచినవాళ్ళు ఆపాటి ఊరుకోవచ్చు.

ఏప్రిల్ 19, ఆదివారం

ధర్మవరం వెళ్ళాను. పిలవకపోయినా వెళ్ళేదాన్నే.

పదిహేడు మందీ వచ్చారు. నాగవేణి పుస్తకం చివరి పేజీ తెరిచి పేర్లు పైకి చదివింది — ఇంటిపేరుతో, వీధితో. పేరు వచ్చినప్పుడల్లా ఆ మనిషి "ఊ, నేనే" అంటోంది, బళ్ళో హాజరు పలికినట్టు. ఆదిలక్ష్మికి చదువు రాదు. కూతురు చూపించిన చోట వేలు పెట్టింది. ముందు ఆ వేలికున్న బూడిదను కొంగుతో తుడుచుకుంది.

నాకు ఏడుపు వచ్చింది. అందరి ముందే ఏడ్చాను. సిగ్గుపడలేదు.

ఏప్రిల్ 20, సోమవారం

శీనప్ప రోడ్డు మీదే పట్టుకున్నాడు. "ఏం మేడం, మా చేపలు ఏం పాపం చేసినాయి? పిలకాయలు వచ్చి లిస్టు వద్దు, బైండింగు చాలంటాండారు."

చెరువులో వదిలెయ్ శీనప్పా అన్నాను. ఆయనా నవ్వాడు.

జూనియర్లు ఏడుగురు నా గది ముందు. పెన్సిళ్ళు తెచ్చుకున్నారు!

సాయంత్రం రైల్లో నాగవేణి — ఫారాల పని మీద వచ్చింది. "నాకిప్పుడు పని లేదు మేడం. మీ మూడో చాప్టరు ఇస్తే చదువుతా. నాకు చేసినారు గదా, మీకు నేను చేస్తా."

బ్యాగులోనే ఉంది. గర్వంగా ఇచ్చాను.

ఏప్రిల్ 23, గురువారం

పెనుకొండలో నేను దిగబోతుంటే నాగవేణి చాప్టరు తిరిగి ఇచ్చింది. "పరిగి రైతులవి, గోరంట్ల రైతులవి మాటలు శానా బాగుండాయి మేడం. వాటికి 'వి' పెట్టినా. మల్బరీ తోటలకు 'చూ' పెట్టినా. చివర్లో పుస్తకాలకు మాత్రం పెట్టలేదు. యాది చదివినారో నాకెట్ల తెలుస్తాది? మీరే పెట్టుకోండి." పెన్సిలు కూడా నా చేతిలో పెట్టింది. ఆ కళ్ళలో ఏ అనుమానమూ లేదు. అదే భరించడం నా వల్ల కావడం లేదు.

ఇంటికి రాగానే కూర్చున్నాను. చివర్లో పుస్తకాలు నలభై ఒకటి. చదివిన వాటికి 'చ' పెట్టుకుంటూ పోయాను. ఇరవై ఎనిమిది అయ్యాయి.

మిగిలినవి పదమూడు. వేరేవాళ్ళ థీసిస్‌ల చివరి పేజీల్లోంచి ఎత్తి రాసుకున్నవి. ఏడేళ్ళ కింద. అందరూ అలాగే చేసేవాళ్ళు. పేర్లు నోటికి వచ్చు. లోపల ఏముందో తెలియదు. వాటిలో ఎన్ని చేపలున్నాయో!

కొట్టేస్తే చాప్టరు సగం కూలుతుంది. చదవాలంటే ఏడు రోజులు చాలవు. ముప్పయ్యో తేదీకి గైడుకు పంపుతానని చెప్పాను. ఈసారీ తప్పితే ఆయన ఇక ఊరుకోడు. ఫారాల పని ఇంకా అవ్వలేదు, రేపు కూడా రైల్లో నాగవేణి ఉంటుంది, అడుగుతుంది…

నాయన షాపు మూసి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడుస్తూ — "అయిపాయనా ఏమ్మా, నీ చాప్టరు?"

ఊ అనబోయి ఆగాను. ఆ రోజు రైల్లో నాగవేణి అడిగితే అన్న ఊ గుర్తొచ్చింది.

నాయన ఇంకా గుమ్మంలోనే ఉన్నాడు.