మేరీ వాళ్ల బండిలో చల్లదనం

ఏమయ్యా,

నువ్వు పోయాక నేను అమ్మేసిన మన చిన్న లారీని మన వీధి మేరీ, వాళ్లాయన కొనుక్కుని, ఊళ్లు తిరిగే ఇల్లుగా మార్చుకున్నారు. మనం చేయాలనుకున్నదే. ఈ రోజు కోరమండల్ పేటలో మన ఇంటి ముందు ఆపి నన్ను పిలిచారు.

“లోపలికి రాక్కా, ఎంత చల్లగా ఉండాదో చూడు. వచ్చే వారం దీంట్లోనే వేళాంగణి మాత గుడికి పోతా ఉండాము,” అంది మేరీ.

బండి పైకప్పు రేకు మీద తెల్లరంగు వేశారు. కింద థర్మకోల్ అతికించి ప్లైవుడ్ కొట్టారు. ఎండాకాలం మనం పైన తడి గోనెసంచులు పరిచినా ఉడికిపోయేవాళ్లం కదా, ఇప్పుడు చెమటే పట్టలేదు. పడుకుంటే ఆకాశం కనబడేలా కిటికీ కూడా పెట్టుకున్నారు. అది నువ్వు కావాలన్న కిటికీ. మేరీని చూస్తే నాకు కడుపు మండిపోయింది.

“కొంచెంసేపు పడుకుంటానమ్మా,” అన్నాను.

కిటికీ వైపు నీకు చోటు వదిలి పడుకున్నాను. మేరీ కాఫీకి ఎంత పిలిచినా లేవలేదు.