నలుపలకల సాసేజ్‌కి ఎనిమిదిన్నర

కాపెల్,
ఆదివారం, చర్చి నుంచి రాగానే.

'కాపెల్ కబుర్లు' సంపాదకురాలు రాధారాణి గారికి,

ఆనందబాబు వందనాలు. మన తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూప్‌లో నన్ను మ్యూట్ చేశారు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. కాగితాన్ని మ్యూట్ చేసే బటన్ ఇంకా రాలేదు.

మీ పత్రికలో 'రుచి చూశాం' శీర్షికకి నా రచన ఇది. ఇంతవరకూ అందులో ఏమొచ్చాయి? ఆవకాయ, మురుకులు, ఫ్రోజెన్ పరాఠా, మళ్లీ ఆవకాయ. సభ్యుల్లో సగంమంది తినే తిండికి ఒక్క పేజీ దక్కలేదు. అందుకే మన వీధి చివర సూపర్‌మార్కెట్లో దొరికే, మాంసం ముద్దని బిళ్లలుగా కోసిన నలుపలకల సాసేజ్‌కి మార్కులు వేస్తున్నాను.

ఆకారం: పదికి తొమ్మిది. ఇడ్లీ గుండ్రం, దోసె గుండ్రం, వడ గుండ్రం, వడ మధ్య చిల్లు కూడా గుండ్రమే. తరతరాలుగా మన పళ్లెంలో మూల అనేదే లేదు. దీనికి నాలుగు మూలలు, నాలుగూ కరకరలాడతాయి. బ్రెడ్ మీద పెడితే అంచుకి అంచు సరిపోయింది. ఉత్త బ్రెడ్డు కొరికే ఖర్మ ఎవరికీ పట్టదు. సమానత్వమంటే ఇదీ. ఎంతసేపు వేయించినా అంగుళం కూడా ముడుచుకోలేదు. తల వంచని తిండి.

వాసన: ఎనిమిది. మా ఆవిడ విమలకుమారి అల్లం వెల్లుల్లి ముద్ద, గుంటూరు కారం దట్టించింది.

రుచి: ఎనిమిదిన్నర. ఇది అచ్చమైన పంది మాంసం. 'నాన్‌వెజ్' అని ముసుగు వేయను. పంది అనే రాశాను, పంది అనే అచ్చు వేయండి. ఈ విషయంలో నా నాలుకని మోసం చేసేవాడు పుట్టలేదు.

మొత్తం మీద ఎనిమిదిన్నర. నా షరతులు రెండు. ఒకటి, నా రచనలో ఒక్క అక్షరం మార్చకూడదు. రెండు, ఈసారి పిక్నిక్‌లో మా వంటకాలు అందరి టేబుల్ మీదే ఉండాలి. ఏటా మమ్మల్ని చెత్త డబ్బాల పక్క టేబుల్‌కి తోలుతున్నారు. అక్కడ మాకు తోడు ఈగలు. అవి మాత్రం రెండు టేబుళ్లకీ తిరుగుతాయి, వాటినెవరూ ఆపరు.

ఇట్లు,
విధేయుడు కాని
ఆనందబాబు

తా.క. విమల దీనికి ఆరే వేసింది. అది మైనారిటీ అభిప్రాయం కాబట్టి రచనలో చేర్చలేదు.

*

ఆనందబాబు గారికి,

నమస్కారాలు. రచన అందింది. మిమ్మల్ని మ్యూట్ చేసింది నేను కాదండీ, ప్రెసిడెంట్ కృష్ణమూర్తి గారు. మీ వాయిస్ మెసేజ్‌లు వినలేక ఆయన గ్రూప్ మొత్తాన్నీ మ్యూట్ చేశారు, నాతో సహా.

చిన్న మనవి. అచ్చుకి వెళ్లేలోపు సాసేజ్ పెట్టె ఫోటో ఒకటి పంపగలరా? పంపే ముందు మీరు కూడా ఆ పెట్టెని ఒకసారి చూడండి. ఎందుకైనా మంచిది.

ఇట్లు,
రాధారాణి

తా.క. వేయించేటప్పుడు పెనంలో కొవ్వు కరిగి కారిందా అని మా అత్తగారు అడగమన్నారు. అరవై ఏళ్లుగా శాకాహారం తప్ప ఎరగని మనిషి. ఇలాంటి ప్రశ్న ఎలా తట్టిందో నాకూ తెలియదు.

*

రాధారాణి గారికి,

వందనాలు చెప్పే ఓపిక లేకపోయినా వందనాలు.

పెట్టె చూపించాలా? ఆవకాయ మీద రాసినాయన్ని జాడీ చూపించమన్నారా? మురుకుల మీద రాసినావిడని? మాంసం తినేవాడే రుజువులు తేవాలి. అక్కడ మన దేశంలో ఇల్లు అద్దెకిచ్చే ముందు వంటింటి వాసన చూసేవాళ్లు, ఇక్కడ ఫోటో అడుగుతున్నారు. సముద్రాలు దాటినా మీ ముక్కు మాత్రం దాటలేదు.

అయినా ఏ తెలుగువాళ్లింట్లో ఏ వస్తువు దాని పెట్టెలో ఉంటుంది? మా ఫ్రీజర్‌లో ఐస్‌క్రీమ్ డబ్బాలో గోంగూర ఉంటుంది, వెన్న డబ్బాలో కరివేపాకు ఉంటుంది. విమల సాసేజ్‌లు తేగానే పెద్ద పెరుగు డబ్బాలోకి మార్చేసింది. నేను షాపింగ్‌కి వెళ్లను. ఉద్యమాలకే టైం చాలదు.

పిక్నిక్‌కి స్టవ్ తెచ్చి అందరి ముందూ వేయిస్తాను. ఆపండి చూద్దాం.

ఇట్లు,
అస్సలు విధేయుడు కాని
ఆనందబాబు

తా.క. మీ అత్తగారికి చెప్పండి. చుక్క కొవ్వు కూడా కారలేదు. సరుకు అంత మేలురకం.

*

ఆనందబాబు గారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం కమిటీలో చదివి వినిపించాను. 'సాసేజ్ సహా అన్ని వంటకాలూ ఒకే టేబుల్ మీద' అని తీర్మానం చేశారు. ఎవరూ అడ్డు చెప్పలేదు. కృష్ణమూర్తి గారు చెప్పబోయారు గానీ మా అత్తగారు దగ్గారు.

మీరు తెచ్చేవి మాత్రం ఆ పెరుగు డబ్బాలోవే తెండి. వేరేవి వద్దు.

ఇట్లు,
రాధారాణి

తా.క. మీ కోపం చల్లారితే ఒకసారి విమల గారిని పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. మీరు కాదు, ఆవిడని మాట్లాడనివ్వండి.

*

రాధారాణి గారికి,

వందనాలు. ఇంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నారు? ఇందులో కుట్ర ఉంది. ఏళ్ల తరబడి ఈ టేబుల్ కోసం ఉపన్యాసం తయారుచేసుకున్నాను. అడ్డు చెప్పేవాళ్లు లేకపోతే దాన్నెవరికి ఇవ్వాలి? అయినా ఇస్తాను. గెలిచినంత మాత్రాన వదిలిపెట్టను.

ఇట్లు,
అనుమానంతో
ఆనందబాబు

తా.క. మీ ఉత్తరం చూసినప్పటి నుంచి విమల పమిట అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. కారణం అడిగితే ఉపన్యాసం ప్రాక్టీస్ చేసుకోమంటుంది.

*

ఆనందబాబు గారికి,

నమస్కారాలు. నిన్నటి పిక్నిక్‌లో మీ ఉపన్యాసం బాగుంది, ముఖ్యంగా కరెంటు స్పీకర్ ఆగిపోయాక. పంది మాంసం సాక్షిగా సమానత్వం వచ్చిందని మీరంటుంటే చప్పట్లు కొట్టాను. నిజంగానే కొట్టాను.

ఇప్పుడు చెప్పక తప్పదు. మీరు వేయించినవి మాంసానివి కాదు, సోయా చిక్కుడువి. మా ఇంట్లో శనివారం టిఫిన్ అవే. మాంసం వేగితే ముడుచుకుంటుంది, కొవ్వు కారుతుంది. మీ తల వంచని తిండి రెండూ చేయలేదు. అందుకే పెట్టె చూడమన్నాను. మీరు నా ముక్కు గురించి రాశారు. తర్వాత విమల గారికి ఫోన్ చేస్తే ఆవిడే ఒప్పుకున్నారు. మీ కొలెస్ట్రాల్ రిపోర్ట్ వచ్చిన రోజు నుంచీ మీ ఇంటి సాసేజ్ సోయానేనట. "చెబితే డాక్టర్‌గారి ఇంటి ముందు ధర్నా చేస్తారండీ" అన్నారు.

టేబుల్ గురించి బెంగ పడకండి. తీర్మానంలో సాసేజ్ అని ఉంది, దేనితో చేసిందని లేదు. కావాలనే అలా రాశాను. మీరు ఉపన్యాసంలో ఉండగా విమల గారు చిన్న పెనంలో అసలు పంది మాంసానివి వేయించి అందరి టేబుల్ మీదే పెట్టారు. మీరు గెలిచింది నిజమైన టేబులే.

పత్రిక గురువారం అచ్చుకి వెళ్తుంది. మీ షరతు ప్రకారం ఒక్క అక్షరం మార్చలేదు. ఇలాగే వేసేయనా?

ఇట్లు,
రాధారాణి

తా.క. మా అత్తగారు రెండు పెనాల దగ్గరికీ వెళ్లొచ్చారు. ఒకదానికి తొమ్మిదిన్నర వేశారు. దేనికని అడిగితే కొవ్వు కారినదానికి అన్నారు. ఇది మాత్రం అచ్చు వేయను, ఆవిడతో ఒకే ఇంట్లో ఉండాలి.

*

రాధారాణి గారికి,

వందనాలు. రెండు రోజులు మా ఇంట్లో మాటల్లేవు. నావి లేవు, విమల మాట్లాడుతూనే ఉంది. విన్నాను.

వేసేయండి. పంది అన్న చోట పంది అనే ఉండనివ్వండి, నా నాలుక పరువు ఎలాగూ పోయింది. నేను కొట్లాడింది టేబుల్ కోసం, అది దక్కింది. ఎనిమిదిన్నర అంటే ఎనిమిదిన్నరే, సోయా అయినా మార్కులు వెనక్కి తీసుకోను. కాకపోతే చివర ఒక్క వాక్యం కలపండి: 'ఈ ఇంట్లో ఏం తింటున్నారో తెలిసిన ఒకే ఒక్క మనిషి విమలకుమారి దీనికి ఆరు వేసింది.'

ఇట్లు,
ఈ ఒక్కసారికి విధేయుడు
ఆనందబాబు

తా.క. నిన్న షాపింగ్‌కి నేనే వెళ్లాను. ఈసారి పెట్టె వెనక ఉన్న చిన్న అక్షరాలన్నీ కళ్లజోడు పెట్టుకుని చదివి మరీ పంది మాంసానివే కొన్నాను. ఆ చదవడంలో పడి ముందున్న బొమ్మ చూడలేదు. ఇంటికొచ్చి విప్పితే అన్నీ గుండ్రంగా ఉన్నాయి.