కోపం అధ్యాయం ఒక్కటే మిగిలింది

నవంబరు 4, మంగళవారం

చిట్టితల్లికి,

నీ మీదా నీ గుమ్మం మీదా శాంతి ఉండాలి, అల్లాహ్ దయ నిన్ను చల్లగా చూడాలి. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. టైల్స్ షాపులో వచ్చిన సరుకూ పోయిన సరుకూ రోజూ రాసుకునే చెయ్యి కదా, నాకు మాటలు పొడుగ్గా రావు. పక్కన కూర్చుని మీ అత్తయ్య 'అది ఉత్తరమండీ, బిల్లు కాదు, ఇంకో రెండు ముక్కలు రాయండి' అని పోరుతోంది. ఓపిక పట్టి చదువు.

ముందు అసలు సంగతి. మన ఉస్తాద్‌గారికి వచ్చే వారం బుధవారం గొంతు ఆపరేషన్. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. గొంతుకి మాత్రం హామీ ఇవ్వలేదు. మాట వస్తుంది కానీ, గదిలో అందరికీ వినపడేలా పుస్తకం చదివేంత వస్తుందో రాదో తెలియదట. అందుకని ఈ ఆదివారం మధ్యాహ్నం మసీదు పక్కగదిలో ఆఖరిసారి చదువుతున్నారు. నువ్వు రావాలి. ఇది చెప్పడానికే ఈ ఉత్తరం. మిగతాదంతా నిన్ను ఒప్పించడానికి.

ఫోన్ చేద్దామంటే, ఆయన పేరెత్తగానే 'మామయ్యా, సిగ్నల్ సరిగ్గా లేదు' అంటావు. ఉత్తరానికి ఆ సౌకర్యం లేదు.

ఆ రోజు జరిగింది నువ్వూ మర్చిపోలేదు, మేమూ మర్చిపోలేదు. ఆయన మనకి చదివి వినిపించే మనసు రోగాల పుస్తకంలో నాలుక అధ్యాయం అప్పుడే ముగించాం. విడిపోయిన ఇద్దరిని కలపడానికి మాట కాస్త అటూ ఇటూ చేసినవాణ్ణి అబద్ధాలకోరుల్లో లెక్కెయ్యరని ఉస్తాద్‌గారు చెప్తే, మన దర్జీ చెయ్యెత్తి, 'మరి చొక్కా రేపు ఇస్తానని రోజూ చెప్పేవాడి సంగతేంటండీ?' అని అడిగాడు. 'నువ్వు మనిషినీ చొక్కానీ విడదీసేవాడివి. నీకిది వర్తించదు' అన్నారాయన. నువ్వే అందరికంటే గట్టిగా నవ్వావు.

ఆ నవ్వు ఆగకముందే కోపం అధ్యాయం తెరిచాం. ఆయన అరబీలో మొదటి వాక్యం చదవబోతుంటే, ఈ కాలం వాళ్ళ కోసం తేలిగ్గా తెలుగులో రాశానంటూ నీ కాగితాలు ముందు పెట్టావు. రెండు పేజీలు చూసి, 'చేదంతా తీసేసి చక్కెర మిగిల్చావు. ఇది మందు కాదమ్మా, మిఠాయి' అన్నారు, అందరి ముందూ. 'మీ సీసా మూత ఎవరికీ రాదు ఉస్తాద్‌గారూ, అందుకే మీ మందు ఇన్నేళ్ళూ అలమరలోనే ఉంది' అన్నావు నువ్వు. ఆయన లేచారు. నువ్వూ లేచావు. పాపం దర్జీ, 'కూర్చోండి, ఇద్దరూ కూర్చోండి! నిలబడి ఉండగా కోపం వస్తే కూర్చోమని ఈ అధ్యాయంలోనే ఉంది' అని మొత్తుకున్నాడు. వినేదెవరు? చెప్పులు కాళ్ళకి వేసుకోకుండా చేత్తో పట్టుకునే వెళ్ళిపోయావు. పాఠం మొదలవకముందే అభ్యాసం చేసేసిన క్లాసు మనదేనని దర్జీ ఇప్పటికీ అంటాడు.

తప్పు ఇద్దరిదీ అని నా లెక్క. నువ్వు చేదు తీసేయకూడదు, ఆయన అందరిలో అనకూడదు. ఇంతకంటే నన్ను అడక్కు.

నువ్వు వెళ్ళాక, గొంతు బాగాలేదని ఆయన పుస్తకం మూసేశారు. మేం అలక అనుకున్నాం. నిజంగానే బాగాలేదని ఈ మధ్యే తెలిసింది.

ఇజాజా లేకుండానే నీ తెలుగు పుస్తకం అచ్చు వేయిస్తానని పోయిన ఉత్తరంలో రాశావు. వేయించొచ్చు. ప్రెస్సువాడు అడగడు, కొనేవాడూ అడగడు. కానీ ఆయన తన గురువు నోట విన్నారు, ఆ గురువు తన గురువు నోట విన్నాడు. పుస్తకమంతా చెవులారా విన్నవాళ్ళకే 'ఇక నువ్వు ఇంకొకరికి చెప్పొచ్చు' అని ఆ అనుమతి ఇస్తారు. నువ్వు సగంలో చేరి, వెనక భాగం పోయినేడూ ముందు భాగం ఈ ఏడూ విన్నావు. నీకు మిగిలింది కోపం అధ్యాయం ఒక్కటే. దాని కోసం మొత్తం వదులుకుంటావా?

ఈ మాట నేను చెప్పడానికి కారణం ఉంది. నేను పుస్తకాలు తిరగేసి సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. తప్పుగా అర్థం చేసుకున్నది తప్పని చెప్పేవాళ్ళు లేక, అదే గొప్పగా పదిమందికి చెప్పుకు తిరిగాను. గురువు లేని చదువు అద్దం లేకుండా గడ్డం గీసుకోవడం లాంటిది. పని అవుతుంది. ఎక్కడ కోసుకున్నామో మాత్రం ఎదుటివాళ్ళకే కనిపిస్తుంది.

ఇంకో సంగతి. నీ కాగితాలు నువ్వు అక్కడే వదిలేశావు. చింపేస్తారనుకున్నాను. మడిచి జేబులో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన అక్కయ్యగారికి అరబీ రాదు కదా, ఒక సాయంత్రం ఆవిడకి చదివి వినిపించారట. ఆవిడ అంతా విని, 'ఒరేయ్, ఇన్నేళ్ళుగా తలుపేసుకుని నువ్వు చదువుతున్నది ఇదా? మరి నాకు ఒక్క ముక్క చెప్పలేదేంరా!' అని తిట్టి, ఎప్పటి నుంచో మాటల్లేని కోడలికి అప్పటికప్పుడు ఫోన్ చేసిందట. ఇది నాకు ఆయనే చెప్పారు, నా మొహం చూడకుండా, గోడ వైపు చూస్తూ. చివర్లో 'చక్కెర ఎక్కువే. కానీ మందు దిగింది' అన్నారు.

నువ్వు తీసేసిన చేదు ముక్కలన్నీ ఆ కాగితాల అంచుల్లో పెన్సిల్‌తో రాసిపెట్టారు, తెలుగులోనే. ఆయన తెలుగు దస్తూరీ చూస్తే కోళ్ళు కెలికినట్టుంటుంది. నీకోసం తప్ప ఇంకెవరి కోసం రాస్తారు?

నువ్వు కూర్చునే కిటికీ పక్క చోట ఎవరు కూర్చోబోయినా 'వెలుతురుకి అడ్డం' అని లేపేస్తారు. నువ్వు కూర్చున్నప్పుడు ఆ వెలుతురు ఎటు నుంచి వచ్చేదో నాకు అంతుబట్టదు.

మరి ఆయనే పిలవొచ్చుగా అంటావు. నేనూ అదే అడిగాను. గడ్డం దువ్వుకున్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, వర్షం వచ్చేలా ఉందన్నారు. ఎండ మండిపోతోంది.

మొన్న ఆదివారం పుస్తకం మళ్ళీ తెరిచి కోపం అధ్యాయం చదివారు. నాకు సరిగ్గా మొదట్లోనే దగ్గు తెర ముంచుకొచ్చి బయటికి వెళ్ళాల్సి వచ్చింది. అయిపోయేదాకా మెట్ల మీదే కూర్చున్నాను. మన పద్ధతి నీకు తెలుసు. ఎవరు విన్నారో, ఎవరు కునికారో, ఎవరు మధ్యలో లేచారో పఠనం అయ్యాక రాసేది నేనే. ఎప్పుడూ దర్జీ పేరు పక్కన 'కునికాడు' అని రాస్తుంటాను, 'నిద్రలోనూ విన్నానండీ' అని వాడు తగువేసుకుంటాడు. ఈసారి నా పేరు పక్కన నేనే 'బయటికి వెళ్ళాడు' అని రాసుకున్నాను. తప్పిపోయినవాడికి ఆ భాగం మళ్ళీ చదివి వినిపించాలని నియమం. కాబట్టి ఈ ఆదివారం కోపం అధ్యాయం నాకోసం మళ్ళీ చదువుతున్నారు. నాకోసం చదువుతుంటే నువ్వు పక్కన కూర్చుని వింటావు. ఆయన నిన్ను పిలిచినట్టూ కాదు, నువ్వు ఆయన దగ్గరికి దిగొచ్చినట్టూ కాదు. ఎవరికీ నామోషీ లేదు.

పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికల్లా దిగుతావు. మీ అత్తయ్య అప్పుడే నీ పరుపు ఎండలో వేసింది. రానంటే ఆ పరుపు మళ్ళీ మోసేది నేనే. నా నడుము మీదైనా దయ ఉంచు.

నీ రాక కోసం వీధి చివరిదాకా చూసే,
మామయ్య

మరో మాట: ఉత్తరం మడిచి అంటించబోతుంటే మీ అత్తయ్య 'పిల్లకి నిజం రాయండి' అంది. మళ్ళీ విప్పాను. నాకు దగ్గు లేదు. ఆయన నోట 'కోపం' అన్న మాట రాగానే, అది చదివేస్తే నీకిక దారి లేదని తోచి, దగ్గుతూ లేచాను. పఠనం అయ్యి, పేర్లు రాసి, మళ్ళీ వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఉస్తాద్‌గారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు. 'ఏమండీ పద్దులాయనా, దగ్గెలా ఉంది?' అన్నారు. ఇంకా ఉందన్నాను. 'కిటికీ పక్క చోటు నిండేదాకా అది తగ్గదులెండి. ఆ అమ్మాయికి రాయండి' అన్నారు. లేవడానికి నా భుజం ఆసరా పట్టుకుని, 'నాలుక అధ్యాయం మాత్రం మీరు కునక్కుండా విన్నారు' అన్నారు.