గోల్డ్ కార్డు

తుడియలూరు,
ఫిబ్రవరి 4

ప్రియమైన పంకజానికి,

ఫోన్లో చెబితే ఇద్దరం అరుచుకుంటామని రాస్తున్నాను. విమానం కంపెనీవాళ్లు నా గోల్డ్ కార్డు పీకేశారు. ఇన్నాళ్లూ ఏడాదికి నలభైసార్లు ఎక్కితే గోల్డు. ఇకమీదట ఎన్నిసార్లు ఎక్కామన్నది కాదట, టికెట్టుకు ఎంత పోశామన్నదే ముఖ్యమట. మా పంపుల కంపెనీ ఎప్పుడూ చవక టికెట్టే కొంటుందని నీకు తెలుసు కదా. నిన్న చెన్నైలో లాంజ్ గుమ్మం దగ్గర ఒక పిల్ల నా కార్డు చూసి, "సారీ సార్" అని పక్కన నిలబెట్టింది. వెనకవాళ్లంతా లోపలికి పోయారు. సిగ్గేసింది.

అదీ పోనీ. మనిద్దరం టికెట్టు కొనకుండా శ్రీనగర్ పోయి రావడానికి ముప్పై వేల పాయింట్లు చాలనేవాళ్లు. పదకొండేళ్లు తిరిగి అంతా కూడబెట్టాక ఇప్పుడు అరవై వేలంటున్నారు. నీకు మంచు చూపిస్తానని మాటిచ్చాను. విసుగొచ్చేసింది పంకజం. ఇంకో ఏడాది ఓపిక పట్టు.

నీ జగన్నాథన్

మదురై,
ఫిబ్రవరి 11

ప్రియమైన మామకు,

మీ ఉత్తరం చదివి వినిపిస్తే మన దర్శిని, "నాన్నకు పోయింది కార్డా, ఉద్యోగమా?" అంది. అంతలా ఏడ్చారు మీరు.

దీపావళికి రాకపోతే పాయింట్లు, మా అమ్మ తద్దినానికి రాకపోతే పాయింట్లు. వినీ వినీ నాకూ అలసటే. డిసెంబరులో నా ఆపరేషన్ నాడు కూడా గౌహతిలో పంపు కాలిపోయిందని వెళ్లారు. తప్పుపట్టడం లేదు, మీ పని అలాంటిది. శ్రీనగర్ వద్దు, ఏమీ వద్దు. ఉన్న పాయింట్లతో దగ్గర ఊరికి పోదాం. మా స్కూల్లో జెబమలర్ టీచరు వాళ్లు అలాగే హైదరాబాదు వెళ్లొచ్చారు. నాలుగు రోజులు మీరు నా పక్కన కూర్చుంటే చాలు.

మీ పంకజవల్లి

తుడియలూరు,
ఫిబ్రవరి 24

ప్రియమైన పంకజానికి,

నువ్వన్నట్టే అడిగాను. నా పాయింట్లతో నీకు టికెట్టు కావాలంటే నిన్ను నా కుటుంబంగా వాళ్ల లెక్కలో ఎక్కించాలట. కొత్త రూలు. ఫోన్లో నలభై నిమిషాలు పాట వినిపించి, చివరికి ఒకమ్మాయి పలికింది.

"మీ సర్‌నేమ్ ఏంటి సార్?"

"ఎస్. మా నాన్న సుందరమూర్తి."

"మీ భార్యది?"

"జె. అంటే జగన్నాథన్, నేనే."

"రెండూ కలవడం లేదు సార్. మీరిద్దరూ ఒక కుటుంబం కిందికి రారు."

ఇరవై రెండేళ్ల కాపురం! తరతరాలుగా ముత్తినేనివాళ్లం అని చెప్పుకుంటాం. పెళ్లి సంబంధాలప్పుడు తప్ప ఆ ఇంటిపేరు ఎవరడిగారు? ఒక్క కాగితంలోనూ లేదు. మన పెళ్లిపత్రిక పంపితే, అరవంలో ఉంది, చెల్లదన్నారు.

ఆఖరికి ఒక ఫారం ఇచ్చారు. దానికి నా ప్రయాణాల పట్టీ జతచేసి, ప్రతి పేజీలో భార్యాభర్తలిద్దరూ సంతకం పెట్టాలి. నేను పెట్టేశాను. నువ్వూ పెట్టి పంపు. పట్టీ చాలా పొడుగు, చదువుతూ కూర్చోకు.

నీ జగన్నాథన్

మదురై,
మార్చి 3

మామకు,

టీచరును కదా, చదవకుండా సంతకం పెట్టడం నాకు చేతకాదు.

డిసెంబరు 18, నా ఆపరేషన్ రోజు. గౌహతిలో మీరు దిగింది పదకొండూ పదికి. తిరిగి ఎక్కింది పన్నెండున్నరకు. గంటా ఇరవై నిమిషాల్లో ఎయిర్‌పోర్టు దాటి పోయి ఏ పంపు విప్పి బిగించారు? అంతకుముందు డిసెంబరులోనూ, దాని ముందటి డిసెంబరులోనూ ఇలా పోయిన వెంటనే తిరిగొచ్చినవే ఉన్నాయి. మీ మేనేజరు నవనీతకృష్ణన్ గారికి ఫోన్ చేశాను. "ఆ వారం ఆయన సెలవులో ఉన్నారమ్మా. మీకు ఆపరేషన్ అని తీసుకున్నారు" అన్నారు.

గోల్డుకు నలభైసార్లు నిండలేదని ఎక్కారు. అంతే కదా?

కోపం లేక కాదు, అరవడానికి ఓపిక లేదు. ఆ రోజు మత్తు దిగాక నర్సు, "ఉంగ వీట్టుక్కారర్ ఎంగే?" అంది, మీ ఇంటాయన ఎక్కడని. "ఆయన పోకపోతే అక్కడ పనంతా ఆగిపోతుంది" అన్నాను. గొప్పగా చెప్పాను మామా.

ఫారం సంతకం లేకుండానే తిప్పి పంపుతున్నాను. జవాబు రాయకండి. ఆదివారం బస్సెక్కి వచ్చి, నా ఎదురుగా కూర్చుని చెప్పండి. రాకపోతే, ఎందుకు రాలేదో మాత్రం నాకు చెప్పొద్దు.

పంకజవల్లి