మూత తీయని సెన్సర్

చిన్నదాని అమ్మకు,

నేను కులాసా. మీరూ కులాసా అని రాశారు గానీ, నాకు నమ్మకం కుదరలేదు.

మొన్న ఇక్కడి ఫ్యాక్టరీ బాయిలర్ గదిలో, గ్యాస్ లీకైతే కూత పెట్టే పెట్టెలు ఆరూ పనిచేస్తున్నాయో లేదో చూడమని పంపారు. ఐదు అప్పుడప్పుడూ ఊరికే కూస్తాయట. ఆరోదాన్ని చూపించి మా మేస్త్రీ, "ఇది బంగారమయ్యా, రెండేళ్లుగా నోరు మెదపలేదు, దీని జోలికి పోకు" అన్నాడు. ఇదేమిటి ఇంత బుద్ధిమంతురాలు అని నాకు అప్పుడే అనుమానం. పరీక్షకి తెచ్చిన గ్యాస్ దాని మూతి దగ్గర వదిలాను. సున్నా! విప్పి చూస్తే, దుమ్ము పడకుండా పెట్టే ప్లాస్టిక్ మూత, బిగించిన రోజే తీసేయాల్సింది, ఇంకా అలాగే ఉంది. అది తీసినా పలకలేదు. లోపల సెన్సర్ ఎప్పుడో చచ్చింది. కొత్తది బిగించి, మూత తీసి జేబులో వేసుకుని, మళ్లీ గ్యాస్ వదిలాను. అది పెట్టిన కూతకి మేస్త్రీ చేతిలో టీ గ్లాసు కింద పడింది.

నా బూడిదరంగు స్వెట్టర్ పంపించు. పొయ్యి పైపు మార్పించావా?

ఇంకో మాట. పోయిన రెండు కార్డులూ చిన్నదాని చేతిరాతలో వచ్చాయి. "అమ్మకి తీరిక లేదు నాన్నా, అంతా బాగానే ఉంది" అని రెండింట్లోనూ ఒకటే ముక్క. ఇన్నేళ్లలో నువ్వు నన్ను ఒక్క తిట్టైనా తిట్టకుండా కార్డు వచ్చిందే లేదు. కార్డు ముక్క కూడా రాయలేనంతగా నీ కుడిచేతికి ఏమైంది?

చిన్నదానికి ముద్దులు. ఈసారి మూత తీసి రాయమను.